మీ టీమ్ స్టార్టర్‌ని ఇచ్చేసి పిక్స్ తెచ్చుకుందా? తిట్టే ముందు వేయాల్సిన లెక్క

2025 ఆగస్టు 28న, సీజన్ ఇంకో వారంలో మొదలవుతుందనగా, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో డాలస్ కౌబాయ్స్ తమ డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ని గ్రీన్ బే ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా వచ్చినవి రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్, కెన్నీ క్లార్క్ అనే డిఫెన్సివ్ టాకిల్. ఆ రోజు టీమ్ ఓనర్ జెర్రీ జోన్స్‌కి పడ్డ తిట్లు అన్నీ ఇన్నీ కావు. కౌబాయ్స్ హెడ్ ఆఫీసు ఉన్నది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, ఫ్రిస్కోలో మనవాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు, కాబట్టి ఆ తిట్లలో తెలుగు వాటా కూడా బాగానే ఉండి ఉంటుంది.

ఇలాంటి వార్తలు ఏడాదికి రెండు మూడు సందర్భాల్లో గుంపుగా వస్తాయి: మార్చిలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్ట్ అయిపోయినవాళ్లు నచ్చిన టీమ్‌కి వెళ్లే సమయం) మొదలైనప్పుడు, ఏప్రిల్ డ్రాఫ్ట్ రాత్రి, తర్వాత నవంబరులో ట్రేడ్ డెడ్‌లైన్ దగ్గర. వచ్చిన ప్రతిసారీ అదే గొడవ, "ఇంత మంచి ప్లేయర్‌ని ఎవడైనా వదులుకుంటాడా" అని ఒకరు, "రెండు ఫస్టులు వచ్చాయి, ఇంకేం కావాలి" అని ఇంకొకరు. అది మంచి బేరమో కాదో మీ అంతట మీరే తేల్చుకోవడానికి ఏమేం చూడాలో ఇక్కడ రాస్తున్నా. నా పక్షం ముందే చెప్పేస్తా: బంతి విసురుతూ ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్‌ని పక్కన పెడితే ఏ స్టార్టర్‌నైనా (మ్యాచ్ మొదటినుంచీ ఆడే మెయిన్ ప్లేయర్‌ని) అమ్మొచ్చు, కాకపోతే ఎప్పుడు అమ్మారు, ఎవరికి అమ్మారు అన్నవి ముందు అడగాలి. ప్లేయర్ ఎంత గొప్పవాడన్నది మూడో ప్రశ్న.

ముందు, పిక్ అంటే చేతికి వచ్చేదేమిటి

ఐపీఎల్ చూస్తూ పెరిగినవాళ్లకు ఇక్కడే తిరకాసు. అక్కడ వేలం, పర్సులో డబ్బున్నవాడు పాడుకుంటాడు. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి తిరిగి వెళ్లినప్పుడు కూడా గుజరాత్‌కి దక్కింది డబ్బే. ఎన్ఎఫ్ఎల్‌లో బేరాలు అలా నడవవు. కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్లను ప్రతి ఏప్రిల్‌లో ఏడు రౌండ్లుగా ఎంచుకుంటారు, అదే డ్రాఫ్ట్. పోయిన సీజన్‌లో అట్టడుగున ఉన్న టీమ్‌ది మొదటి వంతు, సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచిన టీమ్‌ది 32వ వంతు. ఆ వంతునే పిక్ అంటారు. ఈ ఏడాది వంతే కాదు, రాబోయే ఏళ్ల వంతుల్ని కూడా ఇచ్చిపుచ్చుకోవచ్చు.

చాలామంది పిక్ అనగానే "వచ్చే కుర్రాడు ఎవరు" అని ఆలోచిస్తారు. జనరల్ మేనేజర్ మాత్రం "నాలుగేళ్లు చవగ్గా ఒకడు దొరుకుతాడు" అని ఆలోచిస్తాడు. 2011కి ముందు ఇది ఇలా లేదు. 2010లో మొదటి పిక్‌గా వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి ఆరేళ్లకు 78 మిలియన్ డాలర్లు ఇచ్చారు, అప్పటికి ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క బంతి కూడా విసరలేదు ఆయన. 2011లో లీగ్‌కీ ప్లేయర్లకూ మధ్య కొత్త ఒప్పందం వచ్చి రూకీల (కొత్తగా వచ్చిన కుర్రాళ్ల) జీతాలకు స్కేలు పెట్టేసింది, ఆ ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు దక్కింది సుమారు 22 మిలియన్లు. ఒక్క ఏడాది తేడాలో. ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్నవాళ్లకు ఐదో ఏడాది కూడా ఉంచుకునే ఆప్షన్ టీమ్ చేతిలోనే ఉంటుంది.

పార్సన్స్‌నే తీసుకోండి. 2021లో 12వ పిక్. మొదటి నాలుగేళ్లకు మొత్తం కలిపి సుమారు 17 మిలియన్లు. ప్యాకర్స్ దగ్గర సంతకం పెట్టింది నాలుగేళ్లకు 188 మిలియన్లు, అంటే ఏడాదికి 47. అతను అదే మనిషి, అదే ఆట, కానీ ఇప్పుడు ఒక్క ఏడాది జీతం అప్పటి నాలుగేళ్ల జీతానికి రెండున్నర రెట్లు దాటింది. సాలరీ క్యాప్, అంటే టీమ్ మొత్తం జీతాల మీద లీగ్ పెట్టే పరిమితి, 2025లో 279.2 మిలియన్లు, అందులోనే యాభై మందికి పైగా ప్లేయర్లను పోషించాలి. కాబట్టి వార్త వినగానే అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: వాళ్లు వదులుకున్నది చవకగా ఆడుతున్న స్టార్‌నా, పూర్తి రేటుకి వచ్చేసిన స్టార్‌నా? రూకీ కాంట్రాక్ట్‌లో ఇంకా రెండు మూడేళ్లు మిగిలున్న మంచి ప్లేయర్‌ని పిక్స్ కోసం ఇచ్చేస్తే మాత్రం నిరభ్యంతరంగా తిట్టొచ్చు, ఎందుకంటే ఆ పిక్స్‌తో వాళ్లు వెతికేది సరిగ్గా అలాంటివాణ్నే.

పిక్ ఎవరిది? ఏ నంబరు?

"రెండు ఫస్టులు" అన్న మాట వినడానికి బాగుంటుంది. ఏ టీమ్ ఫస్టులు అన్నది చూడకపోతే ఆ మాటకు విలువ లేదు. 1990ల్లో కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ వాడిన పాయింట్ల పట్టిక ఒకటి ఉంది, ఈరోజుకీ జనం దాన్నే కొలబద్దగా పట్టుకుంటారు. అందులో ఒకటో పిక్‌కి 3000 పాయింట్లు, 16వ దానికి 1000, 32వ దానికి 590. అంటే సూపర్ బౌల్ గెలిచే టీమ్ దగ్గర వరుసగా రెండేళ్ల ఫస్టులు తీసుకుంటే 1180. పన్నెండో పిక్‌కి 1200. పార్సన్స్ వచ్చిందే పన్నెండో పిక్‌గా అని గుర్తుంచుకోండి, తర్వాత మళ్లీ మాట్లాడదాం.

ఇక్కడ అమ్మేవాడికి ఒక చిక్కు ఎప్పుడూ ఉంటుంది. మీరు ఇచ్చిన ప్లేయర్ వల్లే కొన్న టీమ్ బాగుపడుతుంది, బాగుపడితే వాళ్ల పిక్ వెనక్కి పోతుంది. 2018 సెప్టెంబరు 1న రెయిడర్స్ ఖలీల్ మ్యాక్‌ని షికాగో బేర్స్‌కి ఇచ్చారు. ఆ ఏడాది బేర్స్ 12-4తో (12 గెలుపులు, 4 ఓటములు) అదరగొట్టారు, రెయిడర్స్‌కి దక్కిన పిక్ 24వది అయింది. 2019లో జాగ్వార్స్ జేలెన్ రామ్సీని రామ్స్‌కి ఇచ్చి తెచ్చుకున్న రెండు ఫస్టులు 20, 25. రామ్స్ ఆ ప్లేయర్‌తోనే 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు, జాగ్వార్స్ ఆ మధ్యలో చెప్పుకోదగ్గది ఏమీ గెలవలేదు.

కొన్న టీమ్ కుప్పకూలితే మాత్రం పండగే. 2019లో డాల్ఫిన్స్ లెఫ్ట్ టాకిల్ లారెమీ టన్సిల్‌ని హ్యూస్టన్ టెక్సన్స్‌కి అమ్మారు. టెక్సన్స్ 2020లో 4-12, దాంతో 2021లో డాల్ఫిన్స్ చేతికి మూడో పిక్ వచ్చి పడింది. 2022లో సియాటిల్ సీహాక్స్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని డెన్వర్ బ్రాంకోస్‌కి పంపారు, డెన్వర్ ఆ సీజన్‌లో 5-12, సీహాక్స్‌కి తర్వాతి ఏప్రిల్‌లో ఐదో పిక్, దాంతో డెవన్ విథర్‌స్పూన్ వచ్చాడు. 2025 నవంబరులో జెట్స్ సాస్ గార్డ్‌నర్‌ని కోల్ట్స్‌కి ఇచ్చి రెండు ఫస్టులు తీసుకున్నప్పుడు కోల్ట్స్ 7-2, "ఇవి చివరి పిక్స్ రా బాబూ" అనిపించింది ఎవరికైనా. డిసెంబరులో వాళ్ల క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కి మడమ పైనుండే అకిలీస్ నరం తెగింది, కోల్ట్స్ ప్లేఆఫ్స్‌కే రాలేదు.

అందుకే నేను ముందు కొన్న టీమ్ క్వార్టర్‌బ్యాక్ ఎవరో చూస్తాను. అతని వయసు, అతనికి ఇంతకుముందు తగిలిన దెబ్బలు, వచ్చే ఏడాది కూడా అతనే ఉంటాడా అన్నది. మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీమ్ ఫస్ట్‌ని సెకండ్ రౌండ్ పిక్ కింద లెక్కేసుకోండి. క్వార్టర్‌బ్యాక్ మీద డౌట్ ఉన్న టీమ్ ఫస్ట్ అయితే, ముఖ్యంగా రెండేళ్ల తర్వాతిది అయితే, దాని విలువ పైకి కనిపించేదానికన్నా ఎక్కువ. లీగ్‌లో వాడుక మాత్రం దీనికి రివర్స్: వచ్చే ఏడాది ఫస్ట్ అంటే ఈ ఏడాది సెకండ్‌తో సమానం అంటారు. ఆర్థికవేత్తలు కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ డ్రాఫ్ట్ మీద చేసిన పరిశోధనలో తేలింది కూడా ఇదే, టీమ్‌లు రేపటి పిక్‌ని మరీ చవగ్గా వదిలేస్తాయి, ఇవాళ్టి టాప్ పిక్‌కి మరీ ఎక్కువ ఇస్తాయి. థేలర్‌కి తర్వాత 2017లో నోబెల్ వచ్చింది (డ్రాఫ్ట్ మీద కాదులెండి).

టీమ్‌లు ఎందుకంత ఆత్రపడతాయి? జనరల్ మేనేజర్ కుర్చీ గురించి ఆలోచించండి. ఈ ఏడాది గెలవకపోతే ఉద్యోగం పోతుందనుకునేవాడికి రెండేళ్ల తర్వాతి ఫస్ట్ రౌండ్ పిక్‌తో ఏం పని? ఆ పిక్ వాడేది అతని తర్వాత వచ్చేవాడు. మీ టీమ్ అమ్ముతుంటే, అవతల కొనేవాడు అలాంటి టెన్షన్‌లో ఉన్నాడా అని చూడండి, ఉంటే బేరం మనవైపే.

కాంట్రాక్ట్ కాగితాలు చూడకుండా ఏమీ మాట్లాడొద్దు

ఇది బోర్ కొట్టే భాగం, కానీ సగం ట్రేడ్‌లు తేలేది ఇక్కడే. ప్లేయర్‌కి సైనింగ్ బోనస్ ఇచ్చినప్పుడు డబ్బు వెంటనే చేతికి వెళ్లిపోతుంది, క్యాప్ లెక్కలో మాత్రం గరిష్ఠంగా ఐదేళ్లకు పరిచి చూపిస్తారు. 50 మిలియన్ల బోనస్ అయితే ఏడాదికి 10. రెండేళ్ల తర్వాత ఆ ప్లేయర్‌ని ట్రేడ్ చేస్తే మిగిలిన 30 ఒక్కసారిగా మీ క్యాప్ మీద పడుతుంది, అతను ఇంకో టీమ్‌కి ఆడుతున్నా సరే. కారు అమ్మేసినా మిగిలిన ఈఎంఐలన్నీ బ్యాంకుకి ఒకేసారి కట్టాల్సి వచ్చినట్టు. దీన్నే డెడ్ మనీ అంటారు. జూన్ 1 దాటాక ట్రేడ్ చేస్తే ఈ ఏడాది 10, వచ్చే ఏడాది 20 అని రెండుగా విరుగుతుంది, అందుకే కొన్ని ట్రేడ్‌లు డ్రాఫ్ట్ అయిపోయి నెల గడిచాక జరుగుతాయి. అప్పుడు అమ్మితే ఆ ఏడాది పిక్స్ దొరకవు కదా, అదీ దానికి కట్టాల్సిన మూల్యం.

కొనేవాడి వైపు లెక్క ఇంకోలా ఉంటుంది. అతను రెండుసార్లు చెల్లిస్తాడు, ఒకసారి పిక్స్‌తో, మళ్లీ కొత్త కాంట్రాక్ట్‌తో. బేర్స్ మ్యాక్‌కి రెండు ఫస్టులు ఇచ్చి, వెంటనే ఆరేళ్లకు 141 మిలియన్లు కూడా ఇచ్చారు. డెన్వర్ వాళ్లు విల్సన్ కోసం రెండు ఫస్టులు, రెండు సెకండ్లు, ముగ్గురు ప్లేయర్లు ఇచ్చింది చాలక, అతను వాళ్ల జెర్సీలో ఒక్క సీజన్ మ్యాచ్ కూడా ఆడకముందే ఐదేళ్లకు 245 మిలియన్ల ఎక్స్‌టెన్షన్ రాసిచ్చారు. రెండు సీజన్లకే వదిలించుకోవాల్సి వచ్చింది, డెడ్ మనీ 85 మిలియన్లు. పిక్స్ పోయాయి, ప్లేయర్ పోయాడు, క్యాప్‌లో చిల్లు మిగిలింది.

అమ్మకపోతే ఏమవుతుందన్నది కూడా ఈ లెక్కలోదే. కాంట్రాక్ట్ అయిపోయాక ప్లేయర్‌ని ఊరికే వెళ్లనిస్తే లీగ్ కాంపెన్సేటరీ పిక్ ఇస్తుంది, ఎంత పెద్ద స్టార్ అయినా మహా అయితే మూడో రౌండ్ చివర్లో, అదీ ఏడాది తర్వాత, అదీ మీరు ఆ వేసవిలో బయటి ఫ్రీ ఏజెంట్లను ఎక్కువ తెచ్చుకోకపోతేనే. కాబట్టి మీ టీమ్‌కి అతన్ని ఉంచుకునే ఉద్దేశం లేదని తెలిసిపోయినప్పుడు, పోలిక "ప్లేయర్ వర్సెస్ పిక్స్" అవదు. ఒక సీజన్ ఆట, ఆపైన థర్డ్ రౌండ్ చివరి పిక్ ఒకవైపు, ఇప్పుడు దొరికే పిక్స్ ఇంకోవైపు. ఇలా రాసుకుంటే చాలా ట్రేడ్‌లు అంత ఘోరంగా కనిపించవు.

డ్రాఫ్ట్ లాటరీయే, కానీ టికెట్లు ఎన్ని అన్నది ముఖ్యం

రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2020 మార్చిలో మిన్నెసోటా వైకింగ్స్ రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) స్టెఫాన్ డిగ్స్‌ని బఫలో బిల్స్‌కి ఇచ్చారు, వచ్చినవాటిలో ప్రధానం 22వ పిక్. డ్రాఫ్ట్ రాత్రి 21వ వంతు ఫిలడెల్ఫియా ఈగిల్స్‌ది, వాళ్లకూ రిసీవరే కావాలి, జేలెన్ రేగర్ పేరు చెప్పారు. తర్వాతి వంతులో వైకింగ్స్ జస్టిన్ జెఫర్సన్‌ని తీసుకున్నారు. మొదటి ఏడాదే 1400 యార్డులు. డిగ్స్ కూడా ఆ ఏడాది బఫలోలో 1535 యార్డులతో లీగ్ మొత్తానికి టాప్. ఇద్దరూ బాగుపడ్డారు, ఒకరు రూకీ జీతంతో.

రెండేళ్ల తర్వాత, 2022 డ్రాఫ్ట్ రాత్రి, టెనెసీ టైటన్స్ ఇదే పని చేశారు. ఏజే బ్రౌన్ కొత్త కాంట్రాక్ట్ అడుగుతున్నాడు, ఇవ్వడం ఇష్టం లేదు, ఈగిల్స్ దగ్గర 18వ పిక్, ఒక థర్డ్ రౌండ్ పిక్ తీసుకుని ఇచ్చేశారు. ఆ 18తో ట్రీలన్ బర్క్స్‌ని తెచ్చుకున్నారు, బ్రౌన్ లాంటివాడే, ఆ ఒడ్డూ పొడుగూ కూడా అదే. కాగితం మీద వైకింగ్స్ చేసినదానికీ దీనికీ తేడా లేదు. బర్క్స్ బ్రౌన్ దరిదాపులకు కూడా రాలేదు. ఆ డిసెంబరులో టైటన్స్ ఫిలడెల్ఫియా వెళ్తే 35-10తో ఓడారు, బ్రౌన్ రెండు టచ్‌డౌన్లు కొట్టాడు, రెండు రోజులకే టైటన్స్ జనరల్ మేనేజర్ జాన్ రాబిన్సన్ ఉద్యోగం పోయింది. ఈగిల్స్ ఆ సీజన్ సూపర్ బౌల్ దాకా వెళ్లారు, 2025 ఫిబ్రవరిలో గెలిచారు కూడా.

ఇందాక చెప్పిన మాసీ, థేలర్ లెక్కల్లోనే ఇంకో సంగతి ఉంది. ఒక పొజిషన్‌లో ముందు తీసుకున్న కుర్రాడు, అదే పొజిషన్‌లో ఆ తర్వాత తీసుకున్నవాడికన్నా మెరుగ్గా ఆడే అవకాశం సగం కన్నా కాస్తే ఎక్కువ. బొమ్మా బొరుసా లాంటిదే. రేగర్, జెఫర్సన్ వరుస చూశారుగా. కాబట్టి "మా వాళ్లు స్కౌటింగ్‌లో మొనగాళ్లు" అన్న ధీమాతో ఒకే పిక్ కోసం స్టార్‌ని ఇస్తే నాకు భయమేస్తుంది. ఒక స్టార్‌కి నాలుగు పిక్స్ అయితే వేరే మాట. 2022లో చీఫ్స్ టైరీక్ హిల్‌ని డాల్ఫిన్స్‌కి ఇచ్చినప్పుడు ఐదు పిక్స్ తీసుకున్నారు, ఒక ఫస్ట్, ఒక సెకండ్, మిగతావి కింది రౌండ్లవి. ఆ ఫస్ట్‌ని ఇంకొన్నిటితో కలిపి పైకి జరిగి కార్నర్‌బ్యాక్ ట్రెంట్ మెక్‌డఫీని తెచ్చుకున్నారు. తర్వాత వరుసగా రెండు సూపర్ బౌల్స్. అయితే ఈ ఉదాహరణ చూపించి మీ టీమ్‌ని సమర్థించుకోవద్దు, చీఫ్స్‌కి క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఉన్నాడు, మీకు లేడు.

పిక్స్ తెచ్చుకున్నాక వాటితో ఏం చేశారన్నదీ చూడాలి. కరొలైనా పాంథర్స్ 2022 అక్టోబరులో క్రిస్టియన్ మెకాఫ్రీని 49ఎర్స్‌కి అమ్మి నాలుగు పిక్స్ తీసుకున్నారు. అతను రన్నింగ్ బ్యాక్, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు, అలాంటివాళ్లు త్వరగా అరిగిపోతారు కాబట్టి వయసు మీదపడకముందే అమ్మడం తప్పేం కాదు. కానీ అందులోని సెకండ్ రౌండ్ పిక్‌ని, తమ సొంత ఫస్టులు రెండిటిని, ఇంకో సెకండ్‌ని, పైగా డీజే మూర్ అనే స్టార్టర్ రిసీవర్‌ని కూడా కట్టగట్టి బేర్స్‌కి ఇచ్చి, 2023లో ఒకటో పిక్‌తో బ్రైస్ యంగ్‌ని తెచ్చుకున్నారు. వాళ్లు ఇచ్చిన 2024 ఫస్ట్ కాస్తా ఒకటో పిక్ అయి కూర్చుంది, బేర్స్ దానితో కేలెబ్ విలియమ్స్‌ని తీసుకున్నారు. అమ్మి సంపాదించిన టికెట్లన్నీ ఒకే టికెట్‌కి మార్చుకోవడమంటే ఇదే.

అమ్మడం ఎలాగో చూడాలంటే 1989

పిక్స్ కోసం స్టార్టర్‌ని అమ్మడంలో ఇప్పటికీ చెప్పుకునేది రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్ ట్రేడ్. 1989 అక్టోబరు 12. జెర్రీ జోన్స్ అప్పుడే టీమ్ కొన్నాడు, జిమ్మీ జాన్సన్ కొత్త కోచ్, కౌబాయ్స్ ఆ సీజన్ 1-15తో ముగించారు. వాకర్ ఒక్కడే చెప్పుకోదగ్గ స్టార్. అతన్ని కొన్న వైకింగ్స్‌కి మాత్రం సూపర్ బౌల్‌కి తాము ఒక్క అడుగు దూరంలో ఉన్నామని నమ్మకం.

ఆ బేరంలో ఒక మెలిక ఉంది, చాలామంది దాన్ని చదవకుండా "బోలెడు పిక్స్ వచ్చాయి" అనేస్తారు. వైకింగ్స్ ఐదుగురు ప్లేయర్లను కూడా ఇచ్చారు, వాళ్లలో ఒక్కొక్కరికీ ఒక పిక్ ముడిపెట్టి ఉంది. ఫలానా తేదీలోగా ఆ ప్లేయర్‌ని కౌబాయ్స్ వదిలేస్తే అతని బదులు పిక్ వస్తుంది. కౌబాయ్స్ ఈ ప్లేయర్లను ఉంచుకుంటారని వైకింగ్స్ అనుకున్నారు. జాన్సన్‌కి మొదటినుంచీ కావాల్సింది పిక్స్, ప్లేయర్లు కాదు, వాళ్లను వదిలేస్తానని చూపించి చివరికి ఇద్దరు ముగ్గుర్ని ఉంచుకుంటూనే పిక్స్ కూడా రాబట్టాడు. వాటిలో 1990 నాటి ఫస్ట్‌తో కాస్త పైకి జరిగి 17వ వంతులో ఎమిట్ స్మిత్‌ని తీసుకున్నారు, కెరీర్‌లో 18,355 యార్డులు, ఇప్పటికీ రికార్డు. 1992లో సెకండ్ రౌండ్‌లో డారెన్ వుడ్‌సన్. 1992, 1993, 1995 సీజన్లలో సూపర్ బౌల్స్. వాకర్ మిన్నెసోటాలో ఏ ఒక్క సీజన్‌లోనూ వెయ్యి యార్డులు పరిగెత్తలేదు.

దీన్నుంచి తీసుకోవాల్సింది షరతులు చదవాలన్నది. ప్లేయర్ ఎన్ని స్నాప్‌లు (ఆటలో ఒక్కో ప్లే) ఆడితే పిక్ పై రౌండ్‌కి మారుతుంది, ప్లేఆఫ్స్‌కి వెళ్తే ఏమవుతుంది, మనవైపు నుంచి తిరిగి వెళ్లిన పిక్స్ ఏవి. మ్యాక్ ట్రేడ్‌లో రెయిడర్స్ రెండు ఫస్టులు తీసుకున్నారని అందరికీ గుర్తు, 2020 సెకండ్ రౌండ్ పిక్‌ని వాళ్లే బేర్స్‌కి ఎదురిచ్చారని ఎవరికీ గుర్తుండదు. బేర్స్ దానితో టైట్ ఎండ్ కోల్ కమెట్‌ని తెచ్చుకున్నారు.

మరి పార్సన్స్ సంగతి

ఇప్పుడు ఇదే లెక్క కౌబాయ్స్‌కి వేద్దాం. చవక స్టార్‌ని వదులుకున్నారా? లేదు, రూకీ కాంట్రాక్ట్ చివరి ఏడాదిలో ఉన్నాడు, పూర్తి రేటు అడుగుతున్నాడు. క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి సగటున ఏడాదికి 60 మిలియన్లు, రిసీవర్ సీడీ లాంబ్‌కి 34, పార్సన్స్‌కి 47 వేస్తే ముగ్గురికే 141, అంటే క్యాప్‌లో దాదాపు సగం. ఈ వాదనలో పస ఉంది, కాదనను. పైగా 2025 డిసెంబరులో డెన్వర్ మ్యాచ్‌లో పార్సన్స్ మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది, ఆ రిస్కు అప్పటికి ప్యాకర్స్ నెత్తిన ఉంది.

కానీ ఎప్పుడు, ఎవరికి అన్న రెండు ప్రశ్నలకూ జవాబు చెడ్డదే. పార్సన్స్‌కి మూడు సీజన్లు పూర్తయిన 2024 మొదట్లోనే కొత్త కాంట్రాక్ట్ ఇవ్వొచ్చు. అప్పటికి పార్సన్స్‌లాంటి ఎడ్జ్ రషర్లలో (పక్కనుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకేవాళ్లు) ఎక్కువ జీతం నిక్ బోసాది, ఏడాదికి 34 మిలియన్లు. సాగదీశారు. 2025 మార్చిలో మైల్స్ గ్యారెట్ 40 అన్నాడు, జులైలో టీజే వాట్ 41. ప్రతి సంతకంతో రేటు పెరుగుతూ పోయింది, ఇవ్వకూడదు అనుకుంటే కనీసం ఏప్రిల్ డ్రాఫ్ట్‌కి ముందు అమ్మాల్సింది, అప్పుడైతే 2025 పిక్స్ వచ్చేవి, ఎక్కువ టీమ్‌ల దగ్గర క్యాప్‌లో చోటు ఉండేది, నలుగురు పోటీపడేవాళ్లు. ఆగస్టులో ప్లేయరే బయటికొచ్చి ట్రేడ్ అడిగాక, సీజన్‌కి వారం ముందు అమ్మితే బేరమాడేదేముంది?

ఎవరికి అన్నది ఇంకా ఇబ్బంది. ప్యాకర్స్‌కి జోర్డన్ లవ్ ఉన్నాడు, మంచి క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీమ్, పైగా అదే కాన్ఫరెన్స్ (లీగ్‌లో ఉన్న రెండు సగాల్లో ఒకటి), అంటే సూపర్ బౌల్ దారిలో ఎదురుపడే టీమ్. వాళ్ల ఫస్టులు వెనక వరసలోనే రావొచ్చన్నది అప్పుడే తెలుసు. పైన చెప్పిన 590, 1200 గుర్తు తెచ్చుకోండి: ప్యాకర్స్‌కి అన్నీ కలిసొచ్చి రెండూ 32వ వంతులైతే, ఆ రెండు పిక్స్ కలిపి పార్సన్స్‌ని తీసుకున్న ఒక్క పిక్ అంత విలువ, ఆ పిక్‌తో ఇంకో పార్సన్స్ దొరుకుతాడన్న హామీ లేదు. నవంబరులో జెట్స్ దగ్గర క్విన్నెన్ విలియమ్స్‌ని తేవడానికి 2026 సెకండ్, 2027 ఫస్ట్ ఒకటి, మాజీ (Mazi) స్మిత్ అనే ప్లేయర్‌ని కౌబాయ్స్ ఇచ్చేశారు. విలియమ్స్ మంచివాడే, కానీ పునర్నిర్మాణం అనుకుని స్టార్‌ని అమ్మిన టీమ్ రెండు నెలలకే పిక్స్ తీసి స్టార్‌ని కొంటోందంటే, మొదట అమ్మినప్పుడు ప్లాన్ ఏమిటో వాళ్లకే తెలియాలి. ఆ ట్రేడ్‌లో నాకు జెట్స్ పక్షమే నచ్చింది: 1-7తో ఉన్న టీమ్, క్వార్టర్‌బ్యాక్ లేడు, ఒకే రోజు ఇద్దరు స్టార్లను అమ్మి మూడు ఫస్టులు తెచ్చుకుంది.

ఎప్పుడు అసలు అమ్మకూడదు

క్వార్టర్‌బ్యాక్ గురించి ఒక్క మాట. ఉన్నవాడు బాగుంటే పది ఫస్టులు ఇస్తామన్నా వద్దు. డెట్రాయిట్ లయన్స్ 2021లో మాథ్యూ స్టాఫర్డ్‌ని రామ్స్‌కి ఇచ్చి లాభపడ్డారుగా అంటారేమో, అక్కడ రెండు ఫస్టులు, ఒక థర్డ్‌తో పాటు జారెడ్ గాఫ్ కూడా వచ్చాడు, అంటే క్వార్టర్‌బ్యాక్‌కి క్వార్టర్‌బ్యాక్. అప్పుడు గాఫ్‌ని జీతం భారంగా లెక్కేసినవాళ్లే ఎక్కువ. రామ్స్ ఆ మొదటి ఏడాదే సూపర్ బౌల్ గెలిచారు, లయన్స్ ఆ పిక్స్‌తో జేమిసన్ విలియమ్స్, జామీర్ గిబ్స్ లాంటివాళ్లను కూడబెట్టుకుని 2024 సీజన్‌లో 15-2 దాకా వచ్చారు. ఇద్దరికీ మేలు జరిగిన ట్రేడ్ ఇలాంటిది మళ్లీ త్వరగా దొరకదు.

సీజన్ మధ్యలో ప్లేఆఫ్ రేసులో ఉండి స్టార్టర్‌ని పిక్స్ కోసం అమ్మడం కూడా వద్దు, డ్రెస్సింగ్ రూమ్‌లో మిగిలినవాళ్లకు అది ఏం చెబుతుందో ఏ పాయింట్ల పట్టికలోనూ ఉండదు.

తర్వాతిసారి ఇలాంటి వార్త వచ్చినప్పుడు ఓవర్ ద క్యాప్, స్పాట్రాక్ లాంటి జీతాల లెక్కల వెబ్‌సైట్లో ఆ ప్లేయర్ పేజీ తెరిచి, కాంట్రాక్ట్‌లో ఎన్నేళ్లు మిగిలాయి, డెడ్ మనీ ఎంత అన్నవి చూడండి. తర్వాత కొన్న టీమ్ పేజీకి వెళ్లి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ కాంట్రాక్ట్ ఎప్పటిదాకా ఉందో చూడండి. ఈ రెండూ చూడటానికి పది నిమిషాలు చాలు. ట్రేడ్ డెడ్‌లైన్ ఇప్పుడు తొమ్మిదో వారం మ్యాచ్‌ల తర్వాతి మంగళవారానికి మారింది కాబట్టి, నవంబరు మొదట్లో ఆ మంగళవారం మధ్యాహ్నం మీటింగులు పెట్టుకోకండి.